ఐ20 ఎన్ లైన్: కోనసీమ రోడ్ల మీద రెండేళ్లు, 31,000 కిలోమీటర్లు

ఈ హ్యుందాయ్ కారు 2023 చివర్లో కొన్నాను. ఆరు గేర్ల మాన్యువల్, 1.0 లీటర్ టర్బో పెట్రోల్, 120 పీఎస్ పవర్. అమలాపురం నుంచి వారానికి రెండుసార్లు రాజమండ్రి, నెలకోసారి అత్తగారి ఊరు నరసాపురం. కొన్నది మాత్రం పికప్ చూసే. రావులపాలెంలో హైవే ఎక్కి మూడో గేరులో తొక్కితే ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది. మైలేజీ ఊళ్లలో 13, హైవే మీద 17 వస్తోంది. కానీ ఈ బండిలో ఏం నచ్చిందని ఎవరైనా అడిగితే ముందు ఇంజిన్ గురించి చెప్పను.

2025 ఏప్రిల్, దాళ్వా (రెండో పంట వరి) కోతల టైము. కొత్తపేట దగ్గర కాలువ గట్టు రోడ్డు, చీకటి పడుతోంది. ఎడమ పక్క సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు. దాని వెనక నుంచి ఒక బైకు దూసుకొచ్చింది. స్టీరింగ్ ఎడమకి కోసి బ్రేకు తొక్కాను. ఎడమ చక్రాలు రెండూ వడ్ల మీదికి ఎక్కాయి. ఆరిన గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. కుడి చక్రాలకి పట్టు ఉంది, ఎడమ వాటికి లేదు. బండి ముక్కు బైకు వైపు లాగింది, వెనక భాగం కాలువ వైపు జారింది. అప్పుడే డయల్‌లో పసుపు లైటు టపటపా కొట్టుకుంది, బ్రేకు పెడల్ పాదం కింద అదిరింది. ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు పడి బండి దానంతటదే సర్దుకుని ఆగింది. దిగి చూస్తే గట్టు అంచు రెండడుగుల దూరంలో ఉంది. "దెబ్బేమీ తగల్లేదు కదండీ బాబూ?" అంటూ ధాన్యం తాలూకు రైతు పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని ఏమంటాం? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆరబెట్టుకోడానికి కళ్లం లేదు.

ఆ పసుపు లైటు ఈఎస్‌సీది, అంటే బండి జారకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి. మా నాన్నగారి పాత కారుకి అదీ లేదు. కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరులో మొదలైంది, అందులో 3 స్టార్లు, ఆ పైన రావాలంటే ఈఎస్‌సీ ఉండి తీరాలి. ఆరు ఎయిర్‌బ్యాగుల రూలు 2022లో ముసాయిదా దాకా వచ్చి ఆగిపోయింది. అయినా ఈ బండికి అన్ని వేరియంట్లలోనూ ఆరూ ఇచ్చారు. చట్టం ఆగినా కొనేవాళ్లు అడగడం ఆపకూడదని నా గట్టి అభిప్రాయం. అసలు ఇంత చిన్న ఇంజిన్‌కి టర్బో పెట్టడం కూడా రూల్స్ పుణ్యమే. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ అయితే పన్ను తక్కువ. నేను కొన్నప్పుడు 28 శాతం జీఎస్టీ, పైన 1 శాతం సెస్సు. 2025 సెప్టెంబరు 22 నుంచి మొత్తం 18 శాతమే.

నరసాపురం నుంచి వస్తూ సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) దిగేటప్పుడు హిల్ అసిస్ట్ విలువ తెలుస్తుంది. తడి ర్యాంపు, వెనక గోదావరి. బ్రేకు మీద నుంచి కాలు తీశాక క్లచ్ అందుకునే ఆ రెండు సెకన్లు బండి వెనక్కి జారదు. ఒక్క మాట, బురదలో కూరుకుంటే మాత్రం చక్రాలు ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ స్విచ్ ఆఫ్ చేయండి, లేకపోతే అది పవర్ కోసేసి బండిని కదలనివ్వదు.

స్పీడు 80 దాటితే వచ్చే బీప్‌కి అలవాటు పడిపోయాను. వెనక సీటు బెల్టు అలారం మాత్రం మా అత్తయ్యగారికి మొదట్లో చిరాకు. విషయం విని ఒక యాక్సెసరీస్ షాపు ఆయన, "ఇది పెట్టేయండి, నోరు మూసుకుంటుంది" అని, బెల్టు లేకుండానే బకిల్‌లో దూర్చి అలారం ఆపే ఉత్తి క్లిప్పు చేతిలో పెట్టాడు. అలాంటివి ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలిచ్చింది. అక్కడే తిరిగిచ్చేశాను. ఎయిర్‌బ్యాగు బెల్టుతో కలిసి పనిచేస్తుంది, బెల్టు లేకుండా మనిషి ముందుకి విసురుగా వచ్చి పడితే అదే దెబ్బ కొడుతుంది. ఈ సంగతి నెమ్మదిగా చెప్పాక ఆవిడే కూర్చోగానే బెల్టు లాక్కుంటున్నారు.

ముందు టైర్లు బాగా అరిగాయి. టైరుకి పట్టు లేకపోతే ఏ ఎలక్ట్రానిక్స్ ఏమీ చేయలేవు. మళ్లీ దాళ్వా ధాన్యం రోడ్డెక్కేలోపు నాలుగూ మార్చేస్తున్నాను, అదే 195/55 ఆర్16 సైజు.