ఆరేళ్ల వాడకం తర్వాత ఏబీఎస్ బ్రేకులు: వరంగల్ హైవే మీద ఎంతవరకు ఆదుకుంటాయి?

చిన్న పెట్రోల్ కారు. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు. 70 వేల కిలోమీటర్లు తిరిగింది, అందులో ఎక్కువ భాగం వరంగల్–హైదరాబాద్ 163వ నంబరు జాతీయ రహదారి మీదే.

ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్) అంటే బండిని తొందరగా ఆపేదని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని వేరు. ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోవు, కాబట్టి స్టీరింగ్ మాట వింటుంది. డివైడర్ కటింగ్ దగ్గర రాంగ్ రూట్‌లో బైకు వచ్చిందంటే, బ్రేకు మీద కాలు ఉంచుకునే బండిని పక్కకు తీయొచ్చు. ఈ ఒక్కదానికే పూర్తి మార్కులు.

కానీ కాలు పెడల్ మీదికి చేరేదాకా అది చేసేదేమీ లేదు. కన్ను చూసి, కాలు కదలడానికి సుమారు ఒకటిన్నర సెకను. 80 వేగంలో ఆలోపే 33 మీటర్లు పోతాం. పొడి తారు మీద ఆగడానికి ఇంకో 35. వేగం 100 అయితే మొత్తం 97 మీటర్ల దాకా. లో బీమ్‌లో, అంటే హెడ్‌లైటు కిందికి దించి పోతే, 50, 60 మీటర్ల అవతల ఏముందో తెలియదు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి ట్రాక్టర్‌కు వెనక లైటూ, రిఫ్లెక్టరూ లేకపోతే లెక్క మీకే అర్థమవుతుంది. రాత్రి లో బీమ్ మీద 60 దాటొద్దు, అప్పుడు 45 మీటర్లలో ఆగుతుంది.

ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంటుంది, గరగరమంటుంది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేనప్పుడు, 40 వేగంలో నాలుగైదుసార్లు పూర్తిగా తొక్కి ఆ కొట్టుకోవడం కాలికి అలవాటు చేయాలి. పాత బండ్ల మీద నేర్చిన తొక్కి వదిలి తొక్కడం మానేయాలి.

ఏబీఎస్ చేతులెత్తేసేది రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద. కోతలప్పుడు సగం రోడ్డు వడ్లే, చుట్టూ రాళ్లు, రాత్రయితే పైన నల్ల పరదా. గింజల మీద టైరుకు పట్టుండదు. ఏబీఎస్ మాటిమాటికీ బ్రేకు వదులుతుంది, బండి ఇంకా దూరం జారుతుంది, తిప్పినా తిరగదు. గింజల మీదికి ఎక్కకముందే వేగం తగ్గించాలి, ఎక్కాక స్టీరింగ్ కదపొద్దు. అడ్డమొచ్చింది బర్రె అయితే దాని తోక వైపు నుంచి తప్పించండి, అది సాధారణంగా ముందుకే పోతుంది. కుక్క ఎటు మళ్లుతుందో చెప్పలేం. దానికోసం తిప్పొద్దు, సూటిగా బ్రేకు వేయండి.

ఖర్చు పెద్దగా లేదు. నాట్ల కాలంలో కేజ్‌వీల్ (దమ్ము చేసే ఇనుప చక్రాల) ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన బురద చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్‌కు పట్టి రెండుసార్లు ఏబీఎస్ లైటు వెలిగింది, కడిగితే పోయింది. ఆ ఒక్క లైటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, ఏబీఎస్ ఉండదు. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, వేడెక్కితే బుడగలొచ్చి పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్పించాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా చట్టం ఒప్పుకుంటుంది గానీ, వానాకాలానికి 3 దగ్గరే మార్చేయండి.