అమర జవాను శిలాఫలకం: గుంటూరులో ఓ గ్రానైట్ షాపు పనితనం

యుద్ధంలో ప్రాణమిచ్చిన జవాను పేరు ఊళ్లో తరాలపాటు నిలవాలంటే రాయి ఎంపికలోనే జాగ్రత్త పడాలి. ఈ షాపువాళ్లు మాకు నచ్చింది అక్కడే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అందమైనదే, కానీ దాని మెరుపు చుక్కల్లో సన్న అక్షరాలు కలిసిపోతాయి. చుక్కల్లేని నల్లరాయి, 20 ఎం.ఎం. మందం తీసుకోమని వాళ్లే చెబుతారు, ఖరీదైనది అంటగట్టరు.

అక్షరాలు శాండ్ బ్లాస్టింగ్‌తో (గాలి ఒత్తిడితో ఇసుకను రాయి మీదికి కొట్టి) 2-3 ఎం.ఎం. లోతు చెక్కారు. అంత లోతుంటే ఎండకు రంగు పోయినా పేరు చదవొచ్చు, మళ్లీ రంగు నింపుకోవచ్చు. ఫొటో మాత్రం లేజర్ పని. వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటో ఇస్తే ముఖం మచ్చలుగా వస్తుంది. పాత ప్రింటు ఉంటే దాన్నే స్కాన్ చేయించండి.

లోపమల్లా డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పనిలో. ఫోన్లో టైప్ చేసే యూనికోడ్ తెలుగు మేటర్‌ను డీటీపీవాళ్లు వాడే ‘అను’ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరాయి. ‘వీర్ చక్ర’లో రావత్తే ఎగిరిపోయింది! చెక్కకముందే అసలు సైజులో కాగితం ప్రూఫ్ తీయించి, ఆ జవాను ఇంట్లోవాళ్ల చేత చదివించాలి. రాతి మీద తప్పు దిద్దలేం, పలక మార్చాల్సిందే.

ఫలకం మీద ముందు ర్యాంకు, తర్వాత పేరు, పతకం వస్తే పేరు పక్కనే. కింద సర్వీస్ నంబరు, యూనిట్, అమరుడైన తేదీ, చోటు. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోనూ పేరుతోపాటు ర్యాంకు, నంబరు చెక్కారు. ఆర్మీ కాగితాల్లోని ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ఇంటిపేరు రాస్తే దీర్ఘాలు తప్పుతాయి. అది తల్లిదండ్రులనే అడగండి.