బోరాక్స్ ఎర డబ్బా: చీమల పుట్ట దాకా చేరే మందు

వంటగది గట్టు మీద చీమల బారు కనిపించగానే స్ప్రే కొట్టడం చాలామందికి అలవాటు. కళ్ళ ముందున్న చీమలు అప్పటికప్పుడు చచ్చిపడతాయి కనుక మందు పనిచేసిందన్న తృప్తి కలుగుతుంది. అయితే తిండి వెతుక్కుంటూ బయటికి వచ్చేవి పుట్టలోని చీమల్లో కొద్ది భాగమే. గుడ్లు పెట్టే రాణి, దాన్ని సాకే చీమలు, ఎదుగుతున్న పిల్లపురుగులు గోడ పగుళ్ళలోనో నేల కిందనో భద్రంగానే ఉంటాయి. రాణి బతికి ఉన్నంతకాలం బారు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. బోరాక్స్ (వెలిగారం) కలిపిన తియ్యటి ద్రవంతో వచ్చే ఎర డబ్బాను ఈ సంగతిని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. తీపికి పట్టే చిన్న చీమల విషయంలో నేను వాడిన వాటన్నిటిలోకీ ఇదే మేలైనదని నా అభిప్రాయం.

ఎదిగిన చీమ గట్టి పదార్థాన్ని మింగలేదు, ద్రవాన్ని మాత్రమే తాగగలదు. తాగినదంతా తన కోసమే కాదు; పొట్టలో ఒక సంచి వంటి భాగంలో దాన్ని నిలవ చేసుకుని, పుట్టకు చేరాక నోటితో నోటికి అందించి తోటి చీమలకూ పిల్లపురుగులకూ రాణికీ పంచుతుంది. బోరాక్స్ నెమ్మదిగా పనిచేసే విషం కావడం ఇక్కడ కలిసివస్తుంది. మోసుకెళ్ళే చీమ దారిలోనే చనిపోతే విషం పుట్టకు చేరదు. అందుకే ఇంట్లో సొంతంగా ఎర కలుపుకునేవారు మందు ఎక్కువ వేస్తే ఫలితం తగ్గుతుంది; బోరాక్స్‌కు దగ్గరి పదార్థమైన బోరిక్ ఆమ్లం తీపి నీటిలో 1 శాతం ఉంటే సరిపోతుంది, అంతకు బాగా మించితే చీమలు ఎరను ముట్టకపోవడమో, పుట్ట చేరకముందే చనిపోవడమో జరుగుతుంది.

డబ్బా మూల కత్తిరించి బారుకు పక్కనే పెడితే, కాసేపటికే చీమలు పాకం అంచున వరుసగా నిలబడి తాగడం మొదలుపెడతాయి. దగ్గరగా చూస్తే వాటి పొట్టలు ఉబ్బి, పొరల మధ్య చర్మం సాగి, లోపలి ద్రవం వెలుగులో మెరుస్తూ కనిపిస్తుంది. తిరుగుదారిలో వచ్చే చీమలు ఎదురైనవాటితో మీసాలు తాకించుకుని ఆగడం కూడా చూడవచ్చు. తిరిగి వెళ్ళే చీమలు నేల మీద వాసన గుర్తు వదులుతాయి కనుక మొదటి రోజు బారు తగ్గడానికి బదులు పెరుగుతుంది. మందు సరిగా పనిచేస్తోందనడానికి గుర్తు ఇదే. ఆ సమయంలో బారును తుడిచినా, చుట్టుపక్కల స్ప్రే కొట్టినా ఎర వృథా అవుతుంది. ఫారో చీమల (ఇళ్ళలో చేరే చిన్న పసుపు రంగు చీమలు) వంటి కొన్ని జాతుల్లోనైతే పుట్టకు అనేకమంది రాణులుంటారు; స్ప్రే తగిలితే అవి చీలిపోయి వేర్వేరు చోట్ల కొత్త పుట్టలు పెట్టుకుంటాయి, దాంతో ఒక గదిలోని బాధ ఇల్లంతా పాకుతుంది. డబ్బా మీది సూచనల్లో ఈ విషయాలు పెద్ద అక్షరాలతో ఉండాల్సింది. నేను కొన్నదాని మీద ఎక్కడ కత్తిరించాలన్న బొమ్మ తప్ప మరేమీ లేదు.

తయారీలో లోపాలు లేకపోలేదు. డబ్బాను నిలబెట్టి తట్టి, ద్రవం కిందికి దిగాక కత్తిరించకపోతే పాకం చేతికీ గట్టుకీ అంటుకుంటుంది. గాలి బాగా తగిలే చోట ద్రవం ఎండి గట్టిపడుతుంది, అప్పుడు చీమలు దాన్ని పట్టించుకోవు; కొత్తది పెట్టక తప్పదు. పసిపిల్లలో పెంపుడు జంతువులో ఉన్న ఇంట్లో దీన్ని వాళ్ళకు అందని సందులోనే ఉంచాలి, ఎందుకంటే మూల కత్తిరించిన ఈ పల్చటి ప్లాస్టిక్‌కు గట్టి రక్షణ అంటూ ఏమీ లేదు.

బారు పూర్తిగా ఆగాక దారి పొడవునా సబ్బునీటితో తుడిచి, అవి వచ్చిన పగులును పూడ్చాలి. ఆ పని ముందే చేస్తే పుట్టకూ ఎరకూ మధ్య దారి మూసుకుపోతుంది.

ఇది అన్ని చీమలకూ పనికివచ్చే మందు కాదు. నూనె, మాంసకృత్తులు కోరే చీమలు తియ్యటి పాకం పక్కనుంచే వెళ్ళిపోతాయి. వాటికి కొవ్వుతో చేసిన ఎర వేరుగా దొరుకుతుంది. కొనేముందు ఒక చుక్క చక్కెర నీరు, ఒక చుక్క నూనె పక్కపక్కన పెట్టి దేనికి చేరుతున్నాయో చూస్తే డబ్బు వృథా కాదు. ఇక చెక్కను తొలిచి గూడు పెట్టే పెద్ద చీమలు ఇంట్లో కనిపిస్తే డబ్బాలతో కాలం గడపకుండా, ముందుగా చెమ్మ పట్టిన కలప ఎక్కడుందో వెతికి దాన్ని మార్చాలి.