మెలిపడిన అండాశయం: విప్పి ఉంచాలా, తీసేయాలా?

అండాశయాన్ని గర్భాశయానికి కట్టి ఉంచే బంధనం పుట్టుకతోనే పొడవుగా ఉంటే, గడ్డ లేకున్నా అండాశయం మెలి పడొచ్చు. ఒక పక్క హఠాత్తుగా పొడిచే నొప్పి, వాంతులు. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) రక్తప్రసరణ కనిపించినా మెలి లేదని తేల్చేయకూడదు.

విప్పడం: లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) మెలిని వెనక్కి తిప్పుతారు. అండాశయం నల్లగా ఉబ్బి కనిపించినా చచ్చిపోయినట్టు కాదు. ముందు సిరలు నొక్కుకుపోయి, రక్తం నిలిచిపోవడం వల్లే ఆ రంగు. రెండు ధమనుల నుంచి రక్తం అందుతుంది కాబట్టి చాలావరకు కోలుకుంటుంది. మళ్లీ మెలిపడే ముప్పుంది. పొడవైన బంధనాన్ని కుట్టి కురచ చేయొచ్చు.

తీసేయడం: ఆ పక్క బెడద తీరుతుంది. రెండోది కూడా మెలిపడితేనే అసలు కష్టం.

బాలికలకు, పిల్లలు కావాలనుకునేవాళ్లకు విప్పడమే సరైనది. నెలసరి ఆగినవాళ్లకు, క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు, పట్టుకుంటే చిదికిపోయేంత కుళ్లినప్పుడు తీసేయడమే మేలు. విప్పి, లోపలి గడ్డను వదిలేస్తే 6 నుంచి 12 వారాలకు మళ్లీ స్కాన్ చేయించాలి.