జీఎస్టీ డబ్బు కన్సల్టెంట్ ఖాతాకు పంపుతున్నారా? ముందు ఇది చదవండి

రాజమండ్రిలో మాది పెయింట్లు, హార్డ్‌వేర్ షాపు. "అకౌంట్లు, జీఎస్టీ, ట్యాక్స్ ప్లానింగ్ అన్నీ మేమే చూసుకుంటాం, ఏడాదికి ఒకటే ఫీజు" అంటూ చిన్న షాపుల చుట్టూ తిరిగే ఒక కన్సల్టెన్సీకి పని అప్పగించాం. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయను. వాళ్లు నడిపిన పద్ధతి మాత్రం చెప్తాను.

నెలనెలా మేం బిల్లులు పంపితే, వాళ్లు లెక్కగట్టి చలానా కాపీ వాట్సాప్‌లో పెట్టేవారు. "మీకెందుకండీ శ్రమ, మా ఖాతాకు వేసేయండి, మేం కట్టేస్తాం" అనేవారు. పోర్టల్‌లో మా జీఎస్టీ నంబరు కొట్టి చూస్తే రిటర్నులు గడువులోపే ఫైలైనట్టు కనిపించేది. అసలు సంగతి బయటపడింది మా దగ్గర సరుకు కొనే ఒక కాంట్రాక్టరు వల్ల. "మీ బిల్లులు నా టూబీలో పడట్లేదండీ. క్రెడిట్ వచ్చేదాకా పన్ను మేరకు డబ్బు ఆపుతున్నా" అన్నాడు. టూబీ అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లులు కొన్నవాళ్లకు పోర్టల్‌లో కనిపించే జాబితా. కొన్నప్పుడు ఇచ్చిన పన్ను వాళ్లకు క్రెడిట్‌గా వచ్చేది దాన్నిబట్టే. పట్టుబట్టి లాగిన్ తెరిపిస్తే అమ్మకాల బిల్లులు చూపే జీఎస్‌టీఆర్-1 రిటర్ను నిల్, పన్ను లెక్క చూపి కట్టే 3బీ రిటర్నూ నిల్, అంటే అమ్మకాలే లేవన్నట్టు. నెలల తరబడి అంతే! బయటివాళ్లకు కనిపించేది ఫైల్ చేసిన తేదీ ఒక్కటే, అందులో ఏం చూపించారో కనిపించదు.

మరి చలానాలు? అవి తయారుచేసినవే తప్ప కట్టినవి కావు. చలానా తయారవగానే 14 అంకెల సీపిన్ వస్తుంది. డబ్బు కట్టకపోతే 15 రోజులకు అది చెల్లదు. కట్టాక వచ్చేది 17 అంకెల సిన్. మీకు వస్తున్న కాపీలో సిన్ ఉందో లేదో ఇప్పుడే చూడండి.

రిజిస్ట్రేషన్‌లో సెల్ నంబరు, మెయిల్ కూడా వాళ్లవే పెట్టుకున్నారు. ఓటీపీలన్నీ అటే పోతాయి. లాగిన్ ఇవ్వం అని వాళ్లు మొండికేస్తే, గుర్తింపు పత్రాలు పట్టుకుని మీ పరిధిలోని జీఎస్టీ అధికారి దగ్గరికి వెళ్లండి. మీ నంబరు, మెయిల్ అక్కడే మార్పిస్తారు.

డబ్బు ఎవరు మింగినా శాఖ అడిగేది జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లనే. 3బీని రివైజ్ చేయడానికి వీల్లేదు. వదిలేసిన బిల్లులన్నీ తర్వాతి జీఎస్‌టీఆర్-1లో ఎక్కించి, అదే పన్ను రెండోసారి, 18 శాతం వడ్డీతో కట్టాం. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే ఆ బిల్లులు ఎక్కించే దారీ మూసుకుపోతుంది. కొన్నవాళ్లకు క్రెడిట్ కూడా పోతుంది, ఆ తిట్లు వేరే.

ఇక వాళ్ల ట్యాక్స్ ప్లానింగ్ ముచ్చట. పన్ను ఆదా అని ఒక బీమా పాలసీ అంటగట్టారు. మా ఐటీ రిటర్ను వేసిందేమో కొత్త పన్ను విధానంలో. అందులో బీమా ప్రీమియం లాంటివాటికి ఇచ్చే 80సీ మినహాయింపే లేదు. పాత విధానం కావాలంటే వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు గడువులోపు ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి. అదీ ఇవ్వలేదు. ఆదా అయింది వాళ్ల కమిషనే.

మాకు తెలిసి మరో రెండు షాపులది ఇదే కథ. పోలీసు ఫిర్యాదుకు పనికొచ్చినవి యూపీఐ రసీదులు, వాట్సాప్‌లో వచ్చిన చలానాలు. మీకూ అనుమానంగా ఉంటే వాళ్లను నిలదీసేముందు ఆ చాట్ మొత్తం ఎక్కడైనా భద్రపరుచుకోండి. మేం అడిగిన రాత్రే వాళ్లు కొన్ని మెసేజీలు డిలీట్ చేశారు.