ముద్దు పెట్టినా మారని రాకుమారి, సరిగ్గా అప్పుడే తలుపు కొట్టిన కుర్రాడు

నిజాంపేటలో గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక మినీ థియేటర్‌లో మా పాప ఏడో పుట్టినరోజు చేశాం. పేరు రాయను, అక్కడి కుర్రాడి ఉద్యోగానికి ఎసరు పెట్టడం ఇష్టం లేదు. వేయించుకున్న సినిమా ‘ష్రెక్’. 2001లో వచ్చింది, ఉత్తమ యానిమేషన్ చిత్రం అని ఆస్కార్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొదటిది దీనికే. నిడివి గంటన్నరే కదా, రెండు గంటల స్లాట్‌లో కేక్‌తో సహా అయిపోతుందనుకున్నా. వెళ్లేసరికి బెలూన్లు ఇంకా ఊదుతున్నారు. పాతిక నిమిషాలు అక్కడే పోయాయి.

మా అమ్మకి ఇంగ్లీష్ రాదు, పక్కన కూర్చుని చెప్తూ పోయా. మొదట్లోనే ష్రెక్ అనే ఆకుపచ్చ రాక్షసుడు కథల పుస్తకంలో కాగితం చింపి టాయిలెట్లో వాడేస్తాడు. “పుస్తకం సరస్వతి కదరా!” అని ఆవిడ మొహం ముడుచుకుంది. తర్వాత అసలు డౌటు: రాకుమారిని విడిపించడానికి రాక్షసుడు పోవడమేంటి, పెళ్లికొడుకు పోడా? వాడు ఇంట్లో కూర్చుని మాయా అద్దంలో పిల్లని సెలెక్ట్ చేసుకున్నాడమ్మా, పెళ్లిసంబంధాల ఫొటోలు చూసినట్టు, అన్నా. ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం అంటూ మాకు అన్నం తినిపించిన మనిషి ఆవిడ, అందుకే ఎక్కడ లెక్క తప్పినా టక్కున పట్టేస్తోంది. కోట కాపలా డ్రాగన్‌ని ఎవరూ చంపరు. అది ఆడది, ష్రెక్ వెంట వచ్చిన మాట్లాడే గాడిద పొగడ్తలకి పడిపోతుంది! దీనికి మాత్రం పకపకా నవ్వింది.

2013లో వచ్చిన ‘ఫ్రోజెన్’లోనూ రాకుమారుడు విలన్‌గా తేలతాడు, కాపాడేది అక్క కోసం చెల్లెలు చేసిన త్యాగం. బాగుంటుంది, కానీ అక్కడ ఇద్దరూ అందగత్తెలే. ష్రెక్ చెయ్యి పెట్టింది ఆ అందం మీదే. అలాగని రూపం ముఖ్యం కాదనే ఈ సినిమా, విలన్ అయిన ఆ పెళ్లికొడుకు పొట్టితనం మీద అన్ని జోకులు వేయడం నాకు నచ్చలేదు.

ఇక క్లైమాక్స్. రాకుమారి ఫియోనా శాపం వల్ల పగలు మనిషి, రాత్రి ష్రెక్ లాంటి ఆకుపచ్చ ఓగర్, అంటే రాక్షసి; నిజమైన ప్రేమతో పెట్టే ముద్దుతో ఆ శాపం పోవాలి. ష్రెక్ ముద్దు పెట్టగానే గాల్లోకి లేచి ధగధగా మెరుస్తుంది, పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని స్క్రీన్ మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడింది. “సార్, టైమ్ అయిపోయింది, నెక్స్ట్ బ్యాచ్ వెయిటింగ్.” బతిమాలితే ఐదు నిమిషాలిచ్చాడు, తలుపు మాత్రం వెయ్యలేదు.

లిఫ్ట్‌లో అమ్మ అడిగింది, “ఆ పిల్ల మళ్లీ ఎప్పుడు మామూలుగా అవుతుంది?”

“అవదు నానమ్మా, అలాగే ఉంటుంది,” అంది పాప.

“మరి శాపం పోయినట్టా, పోనట్టా?”

కిందికి దిగేదాకా ఇద్దరికీ అదే గొడవ. సినిమాకి నాలుగున్నర స్టార్లు. హాలుకి రెండు, అవీ ఏసీ బాగుంది కాబట్టి.