సురక్ష క్లినిక్: భార్యాభర్తలం ఇద్దరమూ వెళ్ళివచ్చాక

నా భార్యకు నాలుగో నెలలో చేయించిన రక్తపరీక్షల కాగితంలో హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ వివరాల కింద ‘ఆర్‌పీఆర్ రియాక్టివ్, 1:16’ అని ఉంది. అది సిఫిలిస్‌కు సూచన అనీ, పెద్దలు సవాయి అన్నది ఈ జబ్బునే అనీ ప్రైవేటు నర్సింగ్ హోంలో మెల్లగా చెప్పారు. దానికి వేయవలసిన పెన్సిలిన్ సూది వికటిస్తుందేమోనన్న భయంతో తాము వేయడం లేదని, ప్రభుత్వాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చారు. మా జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో సురక్ష క్లినిక్ అనే గది ఉందని అప్పుడే తెలిసింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఈ పేరుతో దేశమంతటా సుఖవ్యాధులకు ఉచిత చికిత్స అందిస్తోంది.

ముందుగా మెచ్చుకోవలసింది అక్కడి కౌన్సెలరును. ఆమె మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి, ఒకరు చెప్పింది మరొకరి దగ్గర ఎత్తకుండా మాట్లాడారు. ఈ జబ్బులో మొదట వచ్చే పుండు నొప్పి పెట్టదని, సూక్ష్మజీవి సోకిన సుమారు మూడు వారాలకు కనిపించి, మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో తనంతట తానే మానిపోతుందని ఆమె వివరిస్తుంటే నాకు ముచ్చెమటలు పట్టాయి. పెళ్ళికి నాలుగు నెలల ముందు, వేరే ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు నాకు అలాంటి పుండే వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాసుకుని, తగ్గిపోయిందని మరిచిపోయాను. తరువాత అరచేతుల్లో వచ్చిన మచ్చలను చూసి వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాను. “పుండు మానింది గానీ రోగం మానలేదండీ” అన్నారామె. నా రక్తంలో అదే ఆర్‌పీఆర్ సూచిక 1:32 వచ్చింది (ఇందులో రెండో అంకె ఎంత పెద్దదైతే సూచిక అంత ఎక్కువన్నమాట). భార్యకు విషయం నేనే చెప్పాలని, కావాలంటే తాను పక్కన ఉంటానని అన్నారు. ఆ గదిలోనే చెప్పాను. ఆ తరువాతి మాటలు ఈ సమీక్షకు సంబంధించినవి కావు.

చికిత్స పాతదే, నమ్మకమైనదే. బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకు సగం సగం. జబ్బు ఏడాదిలోపుదని రూఢి అయితే ఒక్క మోతాదు చాలునట. మా విషయంలో ఎప్పటిదో ఖాయంగా తేలనందున వారానికొకటి చొప్పున ఇద్దరికీ మూడు మోతాదులు రాశారు. గర్భిణికి పెన్సిలిన్‌కు ప్రత్యామ్నాయం లేదని, ఇతర మందులు కడుపులోని బిడ్డను కాపాడతాయన్న భరోసా లేదని, వైద్యం చేయకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవడం దాకా రావచ్చని డాక్టరు సూటిగా చెప్పారు. టెస్ట్ డోస్ ఇచ్చి, అరగంట కూర్చోబెట్టి, ఆపైన సూది వేశారు. మందు చిక్కన, సూది లావు, నొప్పి రెండు రోజులు. ఆ రాత్రి నాకు చలిజ్వరం వచ్చింది. చచ్చిన సూక్ష్మజీవుల వల్ల మొదటి రోజు అలా రావచ్చని, నా భార్యకు మాత్రం కడుపు బిగుసుకుంటే వెంటనే రావాలని వాళ్ళు ముందే హెచ్చరించి ఉండడంతో కంగారు పడలేదు. సిఫిలిస్ పుండు ఉంటే హెచ్‌ఐవీ సోకడం సులువవుతుంది కనుక ఆ పరీక్ష కూడా అదే రోజు పక్క గదిలో చేశారు. ఇద్దరికీ లేదని తేలింది.

లోపాలు చెప్పక తప్పదు. రెండో వారం వెళ్ళేసరికి మందు నిండుకుంది. గర్భిణికి మోతాదుల మధ్య ఎడం పెరిగితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలని చెప్పినవారే, స్టాకు లేదు, రెండు రోజులాగి రమ్మనడం ఏమి పద్ధతో నాకు అర్థం కాలేదు. తొమ్మిదో రోజున దొరికింది, అదృష్టం. ఇక వరండాలో అటెండరు పేరుపెట్టి గట్టిగా కేక వేస్తాడు. గది తలుపు మీదేమో ‘గోప్యత’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఓపీ చీటీ నంబరుతో పిలిస్తే ఖర్చేమీ పెరగదు కదా.

సూదులు పూర్తయి, పుండ్లేమైనా ఉంటే మానేవరకూ కలయిక వద్దన్నారు. నిరోధ్ ప్యాకెట్లు ఉచితంగా ఇస్తూనే, అది కప్పని చోట పుండు ఉంటే దానివల్ల పూర్తి రక్షణ దొరకదని కూడా దాచకుండా చెప్పారు. ఆరు నెలలకు నా సూచిక 1:8కి దిగింది. నాలుగు రెట్లు తగ్గితే చికిత్స పనిచేసినట్టు లెక్క. ఒకసారి నయమైనవారికి ఇది మళ్ళీ సోకవచ్చు. పాప పుట్టాక తన రక్తమూ పరీక్షించారు. సూచిక తల్లికన్నా ఎక్కువ లేదు, ఒంటి మీద లక్షణాలూ లేవు.

బస్టాండు గోడల మీద ‘సుఖవ్యాధులకు గ్యారంటీ వైద్యం’ అన్న రాతలు చూసి వెళ్ళేవారు ఈ గదికి రావడం మంచిది. మా ఆసుపత్రిలో ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు, మధ్యాహ్నానికి డాక్టరు వెళ్ళిపోతారు. పెన్సిలిన్ ఉందో లేదో ముందు రోజే కౌన్సెలరును అడిగి బయలుదేరండి. ఐదుకు నాలుగు మార్కులు. తగ్గిన ఒక్కటీ ఆ రెండో వారానిది.